సిస్టం షాపాయనది

నరసరావుపేట

అల్లుడికి,

నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాను. కమీషన్, హమాలీ, కాటా కూలి అన్నీ సరిగ్గా పడుతున్నాయి. మొదటి ప్రోగ్రాంలోనే లెక్కలు ఇంత శుభ్రంగా రావటం చిన్న సంగతేం కాదు. అయితే నీ ప్రోగ్రాం వాడుతున్న మాచర్ల కమీషన్ షాపాయన నాకు ఫోన్ చేసింది లెక్కల గురించి కాదు. "కింద బొమ్మ కనపడుతోంది, నొక్కితే ఏమీ రావట్లేదు. మీవాడి ప్రోగ్రాం చచ్చిపోయింది" అన్నాడు. నీకు చెప్పటానికి మొహమాటపడ్డాడట.

చావలేదురా. తెరుచుకునే ఉంది, కాకపోతే లేని తెర మీద. కాటా వేసేటప్పుడు రైతుకు కూడా తూకం కనపడాలని ఆయన లాప్‌టాప్‌కి కుడిపక్కన ఇంకో మానిటర్ తగిలించాడు. నీ విండోని దాని మీదికి లాక్కుని పని చేసుకున్నాడు. సాయంత్రం ప్రోగ్రాం మూసి, వైరు పీకి, లాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్లాడు. నువ్వేమో మూసేటప్పుడు విండో ఎడమ అంచు 1500 దగ్గరుందని రాసిపెట్టుకుని, ఇంట్లో తెరిచినప్పుడు అదే 1500 దగ్గర పెట్టావు. ఆ లాప్‌టాప్ తెర వెడల్పు 1366. నువ్వు పెట్టమన్న చోటే విండోస్ పెట్టింది.

ముందు ఆయన చేత పని జరిపించు. టాస్క్‌బార్‌లో బొమ్మ మీద ఒకసారి నొక్కి, ఆల్ట్ పట్టుకుని స్పేస్‌బార్, తర్వాత ఎం, ఆ తర్వాత ఏదో ఒక బాణం కీ నొక్కమను. ఇక మౌస్ కదిపితే విండో దానికి అతుక్కుని వస్తుంది, కావల్సిన చోట క్లిక్ చేస్తే దిగుతుంది. ఈ ఉపాయం షాపుల్లో పనిచేసే గుమాస్తాలందరికీ నేర్పదగ్గది. నీదొక్కటే కాదు, చాలా ప్రోగ్రాముల్లో ఇదే జబ్బు.

ఇక కోడు. పాత చోటు గుర్తుపెట్టుకోవటం మంచి పనే, అది మానెయ్యొద్దు. అమ్మకాల విండో ఒక పక్క, స్టాకు విండో ఒక పక్క పెట్టుకున్నవాడు రేపు పొద్దున కూడా అవి అక్కడే ఉండాలనుకుంటాడు. కానీ తెరిచే ముందు ఆ చోటు ఇంకా ఉందో లేదో సిస్టంని అడగాలి. సీ షార్ప్‌లో స్క్రీన్ అనే క్లాసు ఇప్పుడు తగిలించి ఉన్న మానిటర్లన్నిటి జాబితా ఇస్తుంది. ఒక్కోదానికి వర్కింగ్ ఏరియా అని ఉంటుంది, అంటే టాస్క్‌బార్ పోను మిగిలిన చోటు. నీ దగ్గరున్న కొలతల్ని వాటితో పోల్చు. విండో మొత్తం పట్టిందా అని చూడక్కర్లేదు. టైటిల్ బార్ చేతికి అందుతుందా లేదా, అది చూడు. అది అందితే మనిషి మిగతాది లాక్కోగలడు, అందకపోతే విండో ముప్పాతిక వంతు కనపడినా ఉపయోగం లేదు. ఎక్కడా అందకపోతే దగ్గర్లో ఉన్న మానిటర్ మధ్యకి తీసుకురా. ఇంకోటి, ఫారం స్టార్ట్ పొజిషన్‌ని మాన్యువల్‌గా పెట్టకపోతే నువ్వు ఇచ్చిన చోటుని అది లెక్కచెయ్యదు.

ఇక్కడ కుర్రాళ్లు తరచుగా పడే గుంట ఒకటుంది. ఎడమ అంచు సున్నా కంటే తక్కువైతే తప్పు అనుకుని సున్నాకి లాగేస్తారు. రెండో మానిటర్ లాప్‌టాప్‌కి ఎడమపక్కన ఉంటే దాని మీది చోట్లన్నీ మైనస్‌లోనే ఉంటాయి, అవి నిఖార్సైన చోట్లే. కానీ మైనస్ 32000 కనపడితే మాత్రం అది చోటు కాదు. విండోని కిందికి దించి, అలాగే మూస్తే విండోస్ చెప్పే అంకె అది. అందుకే మూసేటప్పుడు విండో మామూలుగా ఉందా, దించి ఉందా, పెద్దది చేసి ఉందా అని ముందు చూడు. మామూలుగా ఉంటే బౌండ్స్, లేకపోతే రిస్టోర్ బౌండ్స్ దాచుకో. పెద్దది చేసి ఉంటే ఆ సంగతి విడిగా రాసుకో.

విండోస్ సొంత ఫంక్షన్లు వాడదామనుకుంటే గెట్ విండో ప్లేస్‌మెంట్, సెట్ విండో ప్లేస్‌మెంట్ అని జంట ఉంది. విండో పూర్తిగా తెర బయటికి పోయేట్టుంటే రెండోది తనే లోపలికి జరుపుతుంది. బాగానే ఉంది కానీ, మొదటిది ఇచ్చే అంకెలు తెర మూల నుంచి కాదు, వర్కింగ్ ఏరియా మూల నుంచి. విండోస్ 10లో టాస్క్‌బార్‌ని పైకీ ఎడమకీ జరుపుకునేవాళ్లున్నారు. మొదటిదానితో చదివి వేరే ఫంక్షన్‌తో పెట్టావంటే, అలాంటి సిస్టంలో తెరిచినప్పుడల్లా విండో టాస్క్‌బార్ అంత పైకో ఎడమకో జరుగుతూ పోతుంది. జంటని విడదీయొద్దు.

సైజు సంగతి కూడా అంతే. నీ గదిలో మానిటర్ 1920 వెడల్పు, 1080 ఎత్తు. నీ ఫారం ఎత్తు 800 పెట్టావు. 768 ఎత్తున్న లాప్‌టాప్‌లో టాస్క్‌బార్ నలభై తీసేస్తే మిగిలేది 728. నీ సేవ్ బటన్ ఎక్కడుందో లెక్కవేసుకో. మన షాపుల్లో ఇంకా ఎక్కువగా కనపడేవి ఆ 768 తెరలే.

తెర మీద అక్షరాలు పెద్దవిగా కనపడాలని స్కేలు 125 శాతమో 150 శాతమో పెట్టుకుంటారు పెద్ద వయసువాళ్లు. వంద శాతమంటే అంగుళానికి 96 చుక్కలు, 125కి 120, 150కి 144. ఈ సంగతి నాకు తెలుసు అని నీ ప్రోగ్రాం మానిఫెస్ట్‌లో చెప్పుకోకపోతే, విస్టా రోజుల నుంచీ విండోస్ దానికి 96 అనే అబద్ధం చెప్పి, గీసిన బొమ్మని తర్వాత తనే సాగదీస్తుంది. అక్షరాలు మసకబారతాయి. స్కేలు 125 అయితే 1920 తెరని 1536 అంటుంది, నువ్వది నమ్మి లెక్కలు వేస్తావు. ఒక్కో మానిటర్‌కి ఒక్కో స్కేలు ఉన్న చోట సరిగ్గా నడవాలంటే పర్ మానిటర్ రెండో రకం అని ఒకటుంది. విండోస్ 10లో 2017 నుంచి ఉంది, అది ఎంచుకో. విండో ఒక తెర మీంచి ఇంకో తెర మీదికి వెళ్లినప్పుడు విండోస్ కొత్త స్కేలుతో పాటు, ఈ కొలతలో ఉంటే బాగుంటుందని ఒక దీర్ఘచతురస్రం కూడా పంపుతుంది. సొంత తెలివి చూపించకుండా అది తీసుకో. పాత వీబీ 6 కోడులో ప్రతి అంకెనీ 15తో భాగించటం చూసే ఉంటావు. అంగుళానికి 1440 ట్విప్పులు, 96 చుక్కలు కాబట్టి 15. స్కేలు 125 చేస్తే అది 12 అయి కూర్చుంటుంది.

చిన్న డైలాగుల విషయంలో ఒక్కటే మాట: దేన్ని తెరిచినా దాని యజమాని విండో ఏదో చెప్పి తెరువు. లేకపోతే "ఈ రైతుకి పాత బాకీ ఉంది, తీసుకోమంటారా?" అని నువ్వు అడిగే ప్రశ్న రైతు చూస్తున్న తెర మీద తేలుతుంది. మాక్, లినక్స్ గోల నీకు ఇప్పుడు వద్దు. మాక్‌లో తెర లెక్క కింది ఎడమ మూల నుంచి మొదలవుతుందనీ, లినక్స్‌లో కొత్తగా వచ్చిన వేలాండ్ అసలు తన విండో ఎక్కడుండాలో చెప్పే హక్కే ప్రోగ్రాంకి ఇవ్వదనీ తెలిస్తే చాలు.

విండో సంగతి కంటికి కనపడుతుంది కాబట్టి షాపాయన ఫోన్ చేశాడు. తేదీ తప్పితే ఫోన్ రాదు, మార్చి నెలాఖరున ఆడిటర్ దగ్గర బయటపడుతుంది. మన దగ్గర సిస్టం బిగించి ఇచ్చేవాళ్లు చాలామంది విండోస్‌ని ఇంగ్లీష్, అమెరికా అని వదిలేస్తారు. దాంట్లో నెల ముందు, రోజు తర్వాత. పక్క సిస్టంలో ఎవరో ఇండియా అని మార్చి ఉంటారు, దాంట్లో రోజు ముందు. నువ్వు తేదీని 03-04 అనే అక్షరాలుగా ఫైల్లో దాస్తే ఒకటి దాన్ని ఏప్రిల్ 3 అంటుంది, ఇంకోటి మార్చి 4 అంటుంది. ఈ రెండిటి మధ్యా ఉన్న తేడా నెల రోజులని తీసెయ్యకు. మధ్యలో మార్చి 31 ఉంది. ఒక బిల్లు కొత్త ఆర్థిక సంవత్సరంలోంచి పాతదాంట్లోకి దూకేస్తుంది.

ఆ షాపులో పాత లెక్కలు యాక్సెస్ డేటాబేసులో ఉన్నాయన్నావు. జాగ్రత్త. క్వెరీలో హ్యాష్ గుర్తుల మధ్య తేదీ రాస్తే, విండోస్‌లో ఏ సెట్టింగున్నా సరే, యాక్సెస్ దాన్ని అమెరికా వరసలోనే చదువుతుంది. 13/04 అని రాస్తే పదమూడో నెల లేదు కాబట్టి తనే తిప్పి ఏప్రిల్ 13 అనుకుంటుంది, చప్పుడు చెయ్యదు. అంటే నెలలో మొదటి 12 రోజులూ దాదాపు తప్పే, 13 నుంచి ఒప్పు. నెలాఖరున కూర్చుని పరీక్షించేవాడికి ఎప్పటికీ దొరకదు. తేదీని అక్షరాలుగా అతికించకుండా పారామీటర్‌గా పంపు. ఫైల్లో రాయాల్సి వస్తే ఏడాది, నెల, రోజు వరసలో రాయి, ఐఎస్ఓ 8601 చెప్పేది అదే. సెట్టింగుతో సంబంధం లేకుండా రాయటానికే సీ షార్ప్‌లో ఇన్‌వేరియంట్ కల్చర్ ఉంది, ఆ వరస మాత్రం దానికి నువ్వే చెప్పాలి. ఆయనకి తెర మీద చూపించేటప్పుడు మాత్రం ఆయన సెట్టింగ్ ఏదుంటే అలా చూపించు. ఆ రూపం ఎప్పుడూ ఒకలాగే ఉంటుందనుకోకు. 2020లో వచ్చిన డాట్‌నెట్ 5 నుంచి ఈ వివరాలు విండోస్ సొంత పట్టికల బదులు ఐసీయూ అనే లైబ్రరీ నుంచి వస్తున్నాయి. వెర్షన్ మారిస్తే అడ్డగీత పోయి ఏటవాలు గీత రావచ్చు.

నీ పరీక్ష ఫైల్లో తేదీ 04-04-2022 అని చూసి నవ్వొచ్చింది. పల్నాడు జిల్లా పుట్టినరోజు పెట్టావు, సంతోషం. కానీ ఆ తేదీని ఎటు తిప్పి చదివినా ఒకటే. పరీక్షకి అంతకంటే పనికిరాని రోజు ఇంకోటి లేదు. జిల్లా అంటే గుర్తొచ్చింది, బిల్లు పైన చిరునామాలో గుంటూరు జిల్లా అని కోడులోనే రాసేసుకున్నవాళ్లందరికీ ఆ ఏప్రిల్‌లో పని పడింది. మార్కెట్ సెస్సు శాతం, జీఎస్టీ నంబరు, ఊరు, జిల్లా ఇవేవీ కోడులో ఉండొద్దు.

అంకెల్లో కామాలు కూడా అంతే. అమెరికా సెట్టింగులో లక్షా పాతిక వేలు 125,000 అని పడుతుంది, రైతు 1,25,000 అని చూడాలి. చూపించటానికి ఇండియా కల్చర్ అడిగితే మూడు, తర్వాత రెండు రెండుగా అదే కామాలు పెడుతుంది. తిరిగి చదివేటప్పుడే చిక్కు. పాత వీబీ కోడులో వాల్ అనే ఫంక్షన్ ఉంది చూడు, అది కామా దగ్గర ఆగిపోతుంది. దానికి 1,25,000 ఇస్తే ఒక్క రూపాయి అంటుంది. ఆ పాత ప్రోగ్రాం కోడుని నువ్వు కొత్తదాంట్లోకి దించుతున్నావు కదా, వాల్ ఎక్కడెక్కడుందో వెతికి ఒక్కోదాన్నీ చూసి మార్చు.

ప్రోగ్రాం నడుస్తుండగా ఎవరైనా సెట్టింగ్ మారిస్తే విండోస్ అందరికీ కబురు పంపుతుంది. ప్రాంతీయ సెట్టింగ్ అయితే ఆ కబురులో ఇంటల్ అనే మాట ఉంటుంది. కానీ డాట్‌నెట్ కల్చర్‌ని ఒకసారి చదివి దాచుకుంటుంది, ఆ దాచుకున్నది చెరిపెయ్యమని నువ్వే చెప్పాలి. ఆ కబురు వినటానికి సిస్టం ఈవెంట్స్‌కి తగిలించిన చెవిని ఫారం మూసేటప్పుడు తీసెయ్యి, లేకపోతే మూసిన ఫారం మెమరీలోంచి కదలదు.

ఇప్పుడు గట్టిగా చెప్పే మాట. నీ కోడులో ఒక చోట, తేదీ రూపం సరిగ్గా లేకపోతే విండోస్ సెట్టింగునే మార్చేస్తున్నావు. అది తీసెయ్యి. ఈ అలవాటు మన పేటలో పాతదే, "మా సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంట్రోల్ ప్యానెల్లో తేదీ ఇలా మార్చుకోండి" అని కాగితం మీద రాసి ఇచ్చేవాళ్లని చాలామందిని చూశాను. చుట్టం చూపుగా వెళ్లిన ఇంట్లో మంచాలు జరపం కదా. ఆ సిస్టంలో నీ ప్రోగ్రాం ఒక్కటే లేదు, అకౌంట్ల ప్యాకేజీ ఉంటుంది, ఆయన కొడుకు ఎక్సెల్ షీట్లు ఉంటాయి. నువ్వు మార్చిన సెట్టింగుతో వాటి తేదీలు తలకిందులైతే ఎవరూ నిన్ను అనుమానించరు, అదే ఘోరం. ఫాక్స్‌ప్రోలో పనిచేసిన పాతవాళ్లు సెట్ డేట్ బ్రిటిష్ అని తమ ప్రోగ్రాం లోపలే పెట్టుకునేవాళ్లు, బయట వేలుపెట్టేవాళ్లు కాదు. వాళ్ల పద్ధతే సరైంది.

ప్రింటర్ దగ్గర కూడా ఇదే గొడవ. బిల్లుని డిఫాల్ట్ ప్రింటర్‌కి పంపుతున్నావు. విండోస్ 10లో 2015 నవంబరు అప్‌డేట్ నుంచి, డిఫాల్ట్ ప్రింటర్ని నేనే చూసుకుంటా అనే సెట్టింగ్ ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే ఎవరు చివర్లో దేని మీద ప్రింట్ కొట్టారో అదే డిఫాల్ట్ అవుతుంది. గుమాస్తా మధ్యాహ్నం ఏదో కాగితం పీడీఎఫ్ చేస్తాడు. ఆ తర్వాత రైతు బిల్లు డాట్ మ్యాట్రిక్స్‌కి బదులు పీడీఎఫ్‌కి పోయి, ఫైలు పేరేంటని అడుగుతూ కూర్చుంటుంది. బయట ట్రాక్టర్లు వరసలో ఉంటాయి. బిల్లుకి ఏ ప్రింటరో ఒకసారి ఆయన్ని ఎంచుకోమను, పేరు దాచుకో, ప్రింట్ ఇచ్చే ముందు ఆ పేరు జాబితాలో ఉందో చూడు. లేకపోతే మళ్లీ అడుగు. కాటా ఇండికేటర్ తగిలించిన కామ్ పోర్టుకీ ఇదే వరస. యూఎస్‌బీ కన్వర్టర్‌ని ఒక రంధ్రంలోంచి తీసి పక్క రంధ్రంలో పెడితే కామ్ 3 కాస్తా కామ్ 5 అయిపోవచ్చు. నువ్వు 3 అని కోడులో రాసేశావు. గొడౌన్ ఊడ్చినప్పుడల్లా నీకు ఫోన్ వస్తుంది.

తెలుగు పేర్లు యూనికోడ్‌లో పెట్టావు, అది చాలా బాగుంది. తెలుగుకి విండోస్‌లో పాత పద్ధతి ఆన్సీ కోడ్ పేజీ అంటూ లేదు, అందుకే వీబీ 6 డబ్బాల్లో తెలుగు అంతా ప్రశ్నార్థకాలై పడుతుంది. ఫాంటు మాత్రం పేరు పెట్టి గట్టిగా కట్టెయ్యకు. ఎక్స్‌పీ కాలంలో గౌతమి వచ్చింది, విండోస్ 7లో వాణి చేరింది, 8 నుంచి నిర్మల. ఏది ఉందో చూసి తీసుకుని, వరస ఎత్తు ఆ ఫాంటుని అడిగి తెలుసుకో. ఇరవై అని రాసేస్తే "కృష్ణయ్య"లో కిందున్న వత్తు తెగిపోతుంది. తన పేరు తెగితే రైతు ఊరుకోడు.

ఈ గుర్తులన్నీ ఎక్కడ దాయాలంటే, ప్రోగ్రాం ఫైల్స్‌లో కాదు. విస్టా నుంచి అక్కడ రాయటానికి మామూలుగా నడిచే ప్రోగ్రాంకి అనుమతి లేదు. పాత రకం ప్రోగ్రాములు రాసినట్టే అనిపిస్తుంది కానీ విండోస్ వాటిని వేరే మూలకి మళ్లిస్తుంది. విండో చోటు, ప్రింటర్ లాంటివి యూజర్ యాప్‌డేటాలో దాచు. యజమాని లాగిన్ వేరు, గుమాస్తా లాగిన్ వేరు, ఎవరి అలవాటు వాళ్లది. కరెంటు పోయినప్పుడు మూసే ఈవెంట్ రాదని గుర్తుంచుకో. విండోని జరిపి వదిలినప్పుడే రాసెయ్యి. నేరుగా పాత ఫైలు మీద రాయకుండా పక్కన కొత్త ఫైల్లో రాసి, పూర్తయ్యాక దాని స్థానంలో పెట్టు. సగం రాసిన సెట్టింగుల ఫైలుతో ప్రోగ్రాం తెరుచుకోకపోతే గొప్ప అవమానం. ఆ ఫైలు చదవలేకపోయినా మొదటి రోజులాగా తెరుచుకోవాలి.

పంపే ముందు నీ సిస్టంని ఆ షాపు సిస్టంలా మార్చుకుని చూడు. తెర 1366, స్కేలు 125, ప్రాంతం అమెరికా, తర్వాత ఇండియా. రెండో మానిటర్ ఎడమపక్కన పెట్టి, ప్రోగ్రాం మూసి, వైరు పీకి తెరువు. తేదీ ఏప్రిల్ 3 పెట్టు. సెట్టింగుల ఫైల్లో చెత్త అక్షరాలు నింపి తెరువు. ఇదంతా చెయ్యటానికి ఒక పూట చాలు.

నీ స్నేహితులు డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఇంకెవరు రాస్తారు అన్నారని ఫోన్లో దిగులుగా చెప్పావు. గురజాల, పిడుగురాళ్ల, మాచర్ల రోడ్డు వెంట కాటాలున్న ప్రతి చోటా ఒక సిస్టం ఉంది, దానికి ఇండికేటర్ వైరు తగిలించి ఉంది, నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి.

అక్కయ్యకి నా నమస్కారం చెప్పు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వస్తారు కాబట్టి మిగతాది అప్పుడు కూర్చుని చూద్దాం. విండో సంగతీ, ఆ సెట్టింగ్ మార్చే ముక్కా మాత్రం అప్పటిదాకా ఆపకు. సంక్రాంతి దాటితే మాచర్ల ఆయనకి సరుకు దిగటం మొదలవుతుంది, ఆలోపు సరిచేసిన ప్రోగ్రాం ఆయన సిస్టంలో ఉండాలి.

ఇట్లు,
నీ మామయ్య